మంచు లేని ఊళ్లో స్కేట్స్ కట్టుకుంటే...

ఈ వీడియో మీ ఫోన్‌లోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. రాకపోతే ఇప్పుడైనా వెతుక్కోండి. 2010 ఫిబ్రవరి, కెనడాలోని వాంకోవర్, వింటర్ ఒలింపిక్స్. తెల్లగా మెరిసే మంచు నేల మీదకి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి వచ్చి నిలబడతారు. ఇద్దరూ అమెరికా వాళ్లే. మెరిల్ డేవిస్, చార్లీ వైట్. మ్యూజిక్ మొదలవగానే మనకి అనుమానం వస్తుంది. ఇది మన పాటే కదా! అవును, ‘దేవదాస్’, ‘బంటీ ఔర్ బబ్లీ’ సినిమాల పాటలే. ఇక చూడండి... చేతుల ముద్రలు, మెడ విరుపులు, కళ్ల విసుర్లు. అన్నీ కాళ్ల కింద సన్నటి ఇనుప బ్లేడు పెట్టుకుని, మంచు మీద దూసుకుపోతూ.

ఆ ఏడాది ఐస్ డాన్స్‌లో ఒక రౌండుకి ఇచ్చిన టాపిక్ ‘జానపద నృత్యం’. ఎవరికి నచ్చిన దేశం వాళ్లు తీసుకోవచ్చు. ఈ ఇద్దరూ మన దేశాన్ని తీసుకున్నారు. మిషిగన్‌లో భారతీయ నృత్యం నేర్పే టీచర్ దగ్గరికి వెళ్లి నేర్చుకున్నారు. ఆ ఒలింపిక్స్‌లో వెండి పతకం పట్టుకెళ్లారు. నాలుగేళ్లు తిరక్కుండా 2014లో సోచిలో బంగారం కూడా కొట్టేశారు. ఐస్ డాన్స్‌లో అమెరికాకి అదే మొదటి బంగారం.

మన పాటకి పతకం వచ్చింది, బాగుంది. మరి మన పిల్లల సంగతేటి? శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ఒక పాప స్కేట్స్ కట్టుకుని, ‘నేనూ ఇలాగే చేస్తాను’ అంటే ఇంట్లోవాళ్లు ఏం చెప్పాలి? ‘మంచేటి, డేన్సేటి, సదువుకో’ అని కసిరెయ్యడం తేలిక. ‘నీ ఇష్టం తల్లీ, కలలు కను’ అనడం అంతకంటే తేలిక. ఈ రెండూ కాకుండా, అసలు ఈ ఆటలో ఒక మనిషి జీవితం ఎలా గడుస్తుందో ఈ వారం చూద్దాం.

డాన్సా? ఆటా?

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. ఒలింపిక్స్‌లో ఇద్దరు కలిసి చేసే స్కేటింగులు రెండున్నాయి. ఒకటి పెయిర్స్. ఇంకొకటి ఐస్ డాన్స్. పెయిర్స్‌లో అబ్బాయి అమ్మాయిని నెత్తి మీదకి ఎత్తేస్తాడు, గాల్లోకి విసిరేస్తాడు. చూసేవాళ్లకి గుండె జారిపోతుంది. ఐస్ డాన్స్‌లో అవి కుదరవు. విసరడం లేదు. చేతులు తలపైకి చాపి ఎత్తి పట్టుకోవడం లేదు. మామూలు లిఫ్ట్ ఏదైనా ఏడు సెకన్లలో దింపెయ్యాలి. దాటితే మార్కు కోత.

‘అయితే ఇది ఈజీ కదా’ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. విన్యాసాలు తీసేస్తే మిగిలేది కాళ్లు, తాళం. అవి రెండూ దాచుకోవడానికి చోటుండదు. స్కేట్ బ్లేడు కింద ఒకే అంచు ఉండదు. మధ్యలో సన్నటి గాడి, దానికి అటొక అంచు, ఇటొక అంచు. ఏ క్షణాన ఏ అంచు మీద ఉన్నావో జడ్జిలు చూస్తూనే ఉంటారు. ఐస్ డాన్సర్ల బ్లేడు మడమ దగ్గర మిగతావాళ్ల బ్లేడు కంటే పొట్టిగా ఉంటుంది. ఎందుకంటే వాళ్లు ఎంత దగ్గరగా తిరుగుతారంటే, బ్లేడు కొంచెం పొడుగైనా పక్కవాళ్ల కాలికి తగిలిపోతుంది. పట్టు వదిలి విడిగా అడుగులు వేసేటప్పుడు కూడా ఇద్దరి మధ్య రెండు చేతుల దూరం దాటకూడదని లెక్క. ‘ట్విజిల్’ అని ఒకటుంది. ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూ ముందుకి సాగిపోవడం. ఇద్దరూ పక్కపక్కనే, ఒకే వేగంతో, ఒకే లెక్కతో. ఒకళ్లు అర చుట్టు వెనకబడినా గ్యాలరీలో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి తెలిసిపోతుంది.

పోటీలో రెండు రౌండ్లు. మొదటిది రిథమ్ డాన్స్, మూడు నిమిషాల లోపే. దానికి టాపిక్, తాళం పైవాళ్లే నిర్ణయిస్తారు. రెండోది ఫ్రీ డాన్స్, నాలుగు నిమిషాలు. పాట మనిష్టం, కథ మనిష్టం. ఈ తాళం గొడవ మనకి కొత్తేమీ కాదు. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు విజయనగరం. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. తాళం తప్పితే పెద్దలు ఎలా చూస్తారో ఆ ఊరివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పల్లెల్లో తప్పెటగుళ్లు చూశారా? రొమ్ముకి తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, ఎగురుతూ, తిరుగుతూ, అందరి దెబ్బా ఒకే చోట పడాలి. ఐస్ డాన్స్‌లో ఉన్న కష్టం అచ్చంగా అదే. నేల మాత్రం జారుతుంది.

పోలీసు, గుమస్తా, మధ్యలో ఒక మున్సిపాలిటీ

ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద కథ ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ అనే ఊరిది. క్రిస్టోఫర్ డీన్ అక్కడ పోలీసు. జేన్ టార్విల్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో గుమస్తా. 1975లో జోడీ కట్టారు. డ్యూటీ టైము, ఆఫీసు టైము పోగా మిగిలిన వేళల్లో ప్రాక్టీసు. తెల్లారకముందో, రాత్రి పొద్దుపోయాకో. 1980 ఒలింపిక్స్‌కి వెళ్లారు. అయిదో స్థానం వచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒలింపిక్స్‌లో అయిదో స్థానం అంటే గొప్పే. కానీ పతకం లేదు, డబ్బు లేదు. ఉద్యోగం చేస్తూ ఇంతకంటే పైకి వెళ్లలేరు. ఉద్యోగం మానేస్తే తిండెలా? చాలా జోడీల కథ సరిగ్గా ఈ మెట్టు మీదే ముగిసిపోతుంది. వీళ్లది ముగియలేదు. ఎందుకంటే వాళ్ల సిటీ కౌన్సిల్, అంటే మన భాషలో కార్పొరేషన్, ముందుకొచ్చింది. మొత్తం 42 వేల పౌండ్లు గ్రాంటుగా ఇచ్చింది. ఇద్దరూ ఉద్యోగాలు వదిలేసి పూర్తిగా మంచు మీదకి దిగారు.

1981లో ప్రపంచ ఛాంపియన్లు అయ్యారు. తర్వాత 1984 ఫిబ్రవరి 14. సారయెవో ఒలింపిక్స్. ‘బొలేరో’ అనే సంగీతానికి చేశారు. దాని వెనక ఒక తమాషా ఉంది. అసలు బొలేరో పదిహేడు నిమిషాలు. ఎంత కత్తిరించినా నాలుగు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్ల కంటే తగ్గలేదు. రూలు ప్రకారం నాలుగు నిమిషాల పది సెకన్లు దాటకూడదు. మిగిలిన పద్దెనిమిది సెకన్లు ఏం చెయ్యాలి? రూల్ పుస్తకం తిరగేశారు. బ్లేడు మంచుకి తగిలి స్కేటింగ్ మొదలైనప్పుడే గడియారం మొదలవుతుందని అందులో ఉంది. అంతే! మంచు మీద మోకాళ్లు ఆనించి కూర్చుని, ఆ పద్దెనిమిది సెకన్లూ ఒళ్లు మాత్రమే కదిలించారు. ఆ తర్వాత లేచారు. ఇప్పటికీ ఐస్ డాన్స్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఆ మోకాళ్ల మీది ఆరంభమే.

స్కోర్ బోర్డు మీద పన్నెండు ‘6.0’లు పడ్డాయి. అప్పట్లో అదే పూర్తి మార్కు. కళాత్మకతకి తొమ్మిది మంది జడ్జిలూ పూర్తి మార్కులు వేశారు. ఆ రాత్రి బ్రిటన్‌లో రెండు కోట్ల నలభై లక్షల మంది టీవీల ముందు కూర్చున్నారని చెబుతారు. నాటింగ్‌హామ్‌లో ఇవాళ పెద్ద ఐస్ స్టేడియం ఉంది. దాని ముందున్న కూడలి పేరు బొలేరో స్క్వేర్. ఊరు పెట్టిన డబ్బు ఊరికే తిరిగొచ్చింది.

ఇంకో మాట. రొమాన్స్ చూసి ‘వీళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలేమో’ అని అందరూ అనుకున్నారు. కారు. ఇద్దరూ వేరేవాళ్లని పెళ్లి చేసుకున్నారు. మొదట చెప్పుకున్న మెరిల్, చార్లీలు కూడా అంతే. చిన్నప్పుడు, 1997లో జోడీ కట్టారు. సోచిలో బంగారం వచ్చేనాటికి పదిహేడేళ్లు. చాలా పెళ్లిళ్ల కంటే గట్టి బంధం. కానీ అది పని బంధం. రోజూ ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకోవాలి, నిన్న తిట్టుకున్నా సరే.

జోడీ దొరకడమే సగం యుద్ధం

పరుగు పందెంలో నీ కాళ్లు నీవి. వెయిట్‌లిఫ్టింగ్‌లో నీ భుజం నీది. ఐస్ డాన్స్‌లో నీ కెరీర్‌లో సగం వేరేవాళ్ల చేతుల్లో ఉంటుంది. వాళ్ల మోకాలికి దెబ్బ తగిలితే నువ్వు కూర్చోవాలి. వాళ్లకి విసుగొచ్చి మానేస్తే నువ్వు మొదటికి రావాలి. ఎత్తు కుదరాలి, వయసు కుదరాలి, స్వభావం కుదరాలి. ఇవన్నీ కుదిరాక కూడా కాగితం కుదరకపోవచ్చు.

తానిత్ బెల్బిన్ కథ వినండి. కెనడా అమ్మాయి. జోడీ కోసం 1998లో అమెరికా వెళ్లింది, బెన్ అగోస్టోతో కలిసింది. 2002కల్లా ఆ దేశంలో రెండో స్థానానికి వచ్చేశారు. ఒలింపిక్స్‌కి వెళ్లాలి. కానీ ఒలింపిక్స్ రూలు ఒకటుంది. జోడీలో ఇద్దరూ ఆ దేశ పౌరులై ఉండాలి. ఆమెకి పౌరసత్వం రాలేదు. ఆ ఒలింపిక్స్ చేజారిపోయింది. నాలుగేళ్లు ఆగింది. 2005 డిసెంబర్ ఆఖరికి, చట్టంలో చిన్న మార్పు జరిగి, పౌరసత్వం చేతికొచ్చింది. రెండు నెలలు తిరిగేలోగా ట్యూరిన్‌లో వెండి పతకం! కాగితం ఇంకో రెండు నెలలు ఆలస్యమై ఉంటే? అందుకే ఈ ఆటలో ఎంత బాగా ఆడామన్నది ఒక్కటే లెక్క కాదు. (కొసమెరుపు: ఆ తానిత్‌నే తర్వాత చార్లీ వైట్ పెళ్లి చేసుకున్నాడు.)

మన దేశం వైపు నుంచి కూడా ఇలాంటి దారి ఉంది. అమెరికాలో పుట్టి పెరిగిన తారా ప్రసాద్ భారత పౌరసత్వం తీసుకుని, మన జెండాతో ఫిగర్ స్కేటింగ్ సింగిల్స్‌లో ఆడుతోంది. 2025లో చైనాలోని హార్బిన్‌లో జరిగిన ఏషియన్ వింటర్ గేమ్స్‌లోనూ ఆడింది. అక్కడ ఐస్ ఉంది, కోచ్‌లున్నారు. ఇక్కడి నుంచి ఇవ్వగలిగింది జెండా ఒక్కటే. ఇది గర్వపడాల్సిన విషయమా, సిగ్గుపడాల్సిన విషయమా అంటే... రెండూను.

చక్రాల మీద తెలుగోడు

‘ఇదంతా వాళ్ల సంగతి, మనవాళ్లెవరైనా ఉన్నారా’ అంటారా? ఉన్నారు. కాకపోతే మంచు మీద కాదు, చక్రాల మీద. హైదరాబాద్ కుర్రాడు యామా అనూప్ కుమార్.

మంచు మీద చేసే ఫిగర్ స్కేటింగ్ మొత్తం రోలర్ స్కేట్స్ మీద కూడా ఉంది. దాని పేరు ఆర్టిస్టిక్ స్కేటింగ్. ముందు రెండు, వెనక రెండు చక్రాలు, ముని వేళ్ల దగ్గర ఒక రబ్బరు బ్రేకు. అదే జంప్‌లు, అదే స్పిన్‌లు, అదే జంట విన్యాసాలు, అదే మ్యూజిక్. చక్రాల స్కేట్ బరువెక్కువ కాబట్టి గాల్లోకి లేవాలంటే కాలికి ఇంకాస్త దమ్ముండాలి.

2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. రోలర్ స్పోర్ట్స్‌ని అందులో చేర్చడం అదే మొదటిసారి. అనూప్ పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో కాంస్యం గెలిచాడు. తర్వాత అవని పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో ఇంకో కాంస్యం. ఒకే గేమ్స్‌లో ఒంటరిగా ఒకటి, జంటగా ఒకటి. పెయిర్స్ అంటే ఐస్ డాన్స్‌కి అన్న వరస అనుకోండి. మంచు కురవని ఊరి నుంచి వెళ్లి, ఏషియాలో మూడో స్థానంలో నిలబడ్డాడు. 2015లో కేంద్రం అర్జున అవార్డు ఇచ్చింది. ఆ ఏడాది లిస్టులో క్రికెట్ నుంచి రోహిత్ శర్మ, బ్యాడ్మింటన్ నుంచి మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్ పేర్లున్నాయి. అదే లిస్టులో రోలర్ స్కేటింగ్ నుంచి అనూప్ పేరు. రోహిత్ అందరికీ తెలుసు. శ్రీకాంత్ చాలామందికి తెలుసు. అనూప్ మీలో ఎంతమందికి తెలుసు? నిజం చెప్పండి.

ఇక్కడే అసలు నొప్పి ఉంది. 2014లో ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో రోలర్ స్పోర్ట్స్ తీసేశారు. 2018 జకార్తాలో మళ్లీ వచ్చాయి. కానీ స్కేటింగ్‌లో స్పీడ్ రేసులు మాత్రమే. కరోనా వల్ల వాయిదాపడి 2023లో జరిగిన హాంగ్‌జౌ గేమ్స్‌లో స్పీడ్, స్లాలమ్ ఉన్నాయి. 3000 మీటర్ల రిలేల్లో మన అమ్మాయిలకి ఒక కాంస్యం, అబ్బాయిలకి ఒక కాంస్యం వచ్చాయి, సంతోషం. కానీ అనూప్ గెలిచిన ఆర్టిస్టిక్ ఈవెంట్లు లేవు. అంటే అనూప్ గెలిచిన ఈవెంట్లకి ఏషియన్ గేమ్స్ తలుపు ఒక్కసారే తెరుచుకుంది. ఆ ఒక్కసారికి అతను తయారుగా ఉన్నాడు కాబట్టి రెండు పతకాలు. అయిదేళ్లు ముందు పుట్టినా, అయిదేళ్లు తర్వాత పుట్టినా, అదే ఆట, అదే కష్టం... పతకం మాత్రం ఉండేది కాదు.

ఆటగాడి చేతిలో ఉన్నది తయారుగా ఉండటం ఒక్కటే. తలుపు తెరిచేది వేరేవాళ్లు.

ఇనుముకి షెడ్డు చాలు, మంచుకి?

మన రెండు జిల్లాలకి ఆటలు కొత్త కాదు. కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన గడ్డ ఇది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమెకి ఓనమాలు దిద్దించింది నీలంశెట్టి అప్పన్న గారు. విజయనగరం పక్కన నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరుంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరు అనే పేరు దానికి. మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కిలోల విభాగంలో ముందు కాంస్యం అన్నారు. గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోవడంతో అది వెండి అయింది.

ఈ ఊళ్లలో ఇంతమంది ఎలా పుట్టుకొచ్చారు? గాలిలో ఏదో ఉందని కాదు. వెయిట్‌లిఫ్టింగ్‌కి కావలసింది ఒక బార్, కొన్ని బిళ్లలు, ఎండావానా తగలని ఒక షెడ్డు, నేర్పే ఒక మనిషి. ఒకడు గెలిస్తే వాడి వెనక పదిమంది వస్తారు. అక్క గెలిస్తే చెల్లెలు వస్తుంది. ఊరు భరించగలిగిన ఖర్చు అది.

ఐస్ అలా కాదు. పూర్తి సైజు రింక్ అంటే 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. దాదాపు పద్నాలుగు కబడ్డీ కోర్టులంత నేల. దాన్ని సున్నా డిగ్రీల కంటే కింద, రాత్రీ పగలూ గడ్డకట్టించి ఉంచాలి. మే నెలలో మన ఎండల్లో, మన ఉప్పుగాలి ఉక్కలో, ఆ కరెంటు బిల్లు ఊహించుకోండి. మన దేశంలోనే ఇది కష్టమైంది. డెహ్రాడూన్‌లో 2011 సౌత్ ఏషియన్ వింటర్ గేమ్స్ కోసం పెద్ద ఇండోర్ రింక్ కట్టారు. గేమ్స్ అయ్యాక ఏళ్ల తరబడి మూతపడింది. 2025లో గానీ మళ్లీ సరిగ్గా నడవలేదు. సిమ్లాలో వందేళ్ల పైబడిన రింక్ ఉంది, అది చలికాలం దయ మీద నడిచేది. లేహ్‌లోనూ అంతే, చలికాలం ఆటే.

అయినా దారి మొత్తం మూసుకుపోలేదు. 2025 జనవరిలో లేహ్‌లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ జరిగాయి. షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్‌లో బంగారం గెలిచింది ఎవరో తెలుసా? కశ్మీర్ అమ్మాయి కాదు, హిమాచల్ అమ్మాయి కాదు. తెలంగాణ అమ్మాయి తల్లూరి నయన శ్రీ. చక్రాల మీద నేర్చుకున్న సమతూకం, మలుపు తిరిగేటప్పుడు ఒంగే ఒడుపు మంచు మీద కూడా పనికొస్తాయి. మనలాంటి చోట పుట్టిన పిల్లకి మంచు దాకా వెళ్లే బాట సిమెంటు రింక్ మీదుగానే పోతుంది.

మరి ఇంట్లో ఏం చెప్పాలి?

పాప అడిగింది కదా. జవాబు చెబుదాం.

ఒకటి. స్కేట్స్ కట్టుకోనివ్వండి. మొదట్లోనే వేలకి వేలు పోసి కొనొద్దు. కాళ్లు పెరిగే వయసు, ఏడాదికే బిగుతైపోతాయి. ఎవరిదైనా వాడింది తీసుకోండి, లేదా అద్దెకి దొరికితే అది. మోకాలి ప్యాడ్లు, హెల్మెట్ మాత్రం కొత్తవే కొనండి. అక్కడ పిసినారితనం వద్దు.

రెండు. స్పీడా, ఆర్టిస్టికా అన్నది ముందే కనుక్కోండి. రెండింటికీ స్కేట్స్ వేరు, నేర్పే పద్ధతి వేరు. పిల్ల మనసు డాన్స్ మీద ఉంటే, రేసులు మాత్రమే నేర్పే చోట చేర్పించి ‘ఆసక్తి లేదు’ అని తిట్టడం అన్యాయం. దగ్గర్లో ఆర్టిస్టిక్ నేర్పేవాళ్లు లేకపోతే విశాఖపట్నం దాకా వెళ్లాల్సి రావచ్చు. వారానికి ఎన్నిసార్లు, ఎవరు తీసుకెళ్తారు, బడి సంగతేటి... ఇవన్నీ పిల్లని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

మూడు. జోడీ లేదని బెంగ వద్దు. రోలర్‌లో ‘సోలో డాన్స్’ అని ఒక విభాగం ఉంది. ఐస్ డాన్స్‌లో ఉండే అడుగులు, తాళం, హొయలు... అన్నీ ఒక్కరే చేస్తారు. మంచి నేర్పు వచ్చాక జోడీ తనే వెతుక్కుంటూ రావచ్చు.

నాలుగు. కూచిపూడో, భరతనాట్యమో, ఏదో ఒక నాట్యం పక్కన పెట్టించండి. స్కేట్స్ మీద నిలబడటం రెండేళ్లలో వస్తుంది. తాళం ఒంట్లోకి రావాలంటే అంతకంటే ఎక్కువ పడుతుంది. మిషిగన్ పిల్లలు మన నాట్యం కోసం టీచర్‌ని వెతుక్కున్నారు. మనకి పక్క వీధిలోనే ఉంటారు.

అయిదు. సర్టిఫికెట్ల విషయంలో కళ్లు తెరిచి ఉండండి. ‘నేషనల్’, ‘ఇంటర్నేషనల్’ అని పేర్లు పెట్టుకుని, ఫీజు కట్టిన ప్రతి పిల్లకీ మెడల్ ఇచ్చే పోటీలు బోలెడున్నాయి. ఫోటోకి బాగుంటాయి. గుర్తింపు ఉన్న ఫెడరేషన్ జరిపే పోటీయో కాదో కట్టేముందే అడగండి. లేకపోతే రేపు కాలేజీ సీటు దగ్గరో, ఉద్యోగం దగ్గరో ఆ కాగితం చెల్లకపోవచ్చు. అడిగితే కోపం తెచ్చుకునే అకాడమీ అయితే, అదే మీకు జవాబు.

ఆరు. ఇది అన్నిటికంటే కష్టమైనది. పిల్లతో అబద్ధం ఆడొద్దు. ‘నువ్వు ఒలింపిక్స్‌కి వెళ్తావు’ అని చెప్పొద్దు. రోలర్ ఆర్టిస్టిక్ ఒలింపిక్స్‌లో లేదు. ఏషియన్ గేమ్స్‌లోనూ అన్నిసార్లూ ఉండదు. మంచు మీదకి మారాలంటే ఊరు వదలాలి, బహుశా దేశం వదలాలి. ఏటా వేల డాలర్ల ఖర్చు. అది మీకు అందే దారి కాకపోతే, అందదని పదేళ్ల పిల్లకి కూడా చెప్పొచ్చు. చెప్పాక కూడా ‘అయినా నేర్చుకుంటాను’ అంటే, ఆ ఇష్టం గట్టిది. దాన్ని ఆపొద్దు. పతకం లేకపోయినా, కింద పడి మళ్లీ లేవడం, లెక్క పెట్టుకుని కదలడం, ఎదుటి మనిషి బరువుని నమ్మడం... ఇవి పోవు.

ఇంక పెద్దలతో ఒక మాట. మన ఊళ్లకి ఐస్ రింక్ కావాలని ఎవరూ అడగడం లేదు. అడిగినా అది తెలివైన ఖర్చు కాదు. కానీ నున్నటి సిమెంటు నేల, పైన వానకి తడవని రేకు, నాలుగు లైట్లు, నెలజీతం మీద ఒక కోచ్... ఇది శ్రీకాకుళం కార్పొరేషన్‌కి గానీ, విజయనగరం కార్పొరేషన్‌కి గానీ మోయలేని బరువేమీ కాదు. నాటింగ్‌హామ్ కౌన్సిల్ 42 వేల పౌండ్లు ఇచ్చేనాటికి ఆ ఇద్దరూ ప్రపంచ ఛాంపియన్లు కారు. అయిదో స్థానంలో వచ్చిన ఒక పోలీసు, ఒక గుమస్తా. గెలిచాక శాలువా కప్పడం అందరికీ వచ్చు. కొండవెలగాడలో బార్ కొనిపెట్టినవాళ్లు కూడా పతకాలు వచ్చేదాకా ఆగలేదు.

వచ్చే వేసవి సెలవులకి ముందు, మీ వార్డు కార్పొరేటర్ కనపడినప్పుడు, రింక్ సంగతి ఒక్కసారి అడిగి చూడండి. స్కేట్స్ చేతిలో పట్టుకున్న పిల్లని పక్కన నిలబెట్టుకుని మరీ అడగండి.